చౌరస్తాలో నాలుగు తెలుగులు

సూరత్ నుంచి వరాఛా రోడ్డు పట్టుకుని సర్థాణా దాటితే, తాపీ నది ఒడ్డున, అహ్మదాబాద్–ముంబయి జాతీయ రహదారి మీద కామ్‌రేజ్ వస్తుంది. అక్కడ రోడ్లు కలిసే చోటును గుజరాతీలు చార్ రస్తా అంటారు. ఆటోలు, లారీలు, ప్రైవేటు బస్సులు, పొద్దుటి షిఫ్టుకు పోయేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి వచ్చేవాళ్లు. ఆ కూడలిలో దిగే ఒక తెలుగు మనిషి ఇంటికి ఫోన్ చేసి ఎక్కడున్నాడో చెప్పాలంటే ఏమంటాడు? కరీంనగర్ వాడైతే ‘చౌరస్తాల ఉన్న’ అంటాడు. గుంటూరు వాడైతే ‘సెంటర్లో ఉన్నా’ అంటాడు. విశాఖ వైపు మనిషి ‘జంక్షన్ కాడ’ అంటాడు. అనంతపురం వాడి నోట ‘సర్కిల్’ అని వస్తుంది. ఈ మాటలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి పాకకుండా లేవు. అయినా వాడుక చూస్తే ఎవరి మాట ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. నిలబడ్డ చోటు మాత్రం ఒకటే.

ఈ నాలుగు మాటల వెనక ఒక లెక్క ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విడదీశారు: తెలంగాణ ఉత్తర మండలం, రాయలసీమ దక్షిణ మండలం, శ్రీకాకుళం–విశాఖల తూర్పు మండలం, గోదావరి–కృష్ణా–గుంటూరుల మధ్య మండలం. ఊరికే ఇంట్లో కూర్చుని గీసిన గీతలు కావవి. రైతుల దగ్గరికి పోయి, నాగలిలో ఏ చెక్కను ఏమంటారని అడిగి, జిల్లా జిల్లాకు తేడా రాసుకుని తేల్చిన సంగతి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున ఆయన తయారుచేసిన మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. రెండో సంపుటం 1971లో వచ్చింది. అది చేనేత పదాలది.

సూరత్ తెలుగువాళ్ల కథకు ఆ రెండో సంపుటమే సరైన గుమ్మం. ఈ నగరానికి తెలుగు వచ్చింది ప్రధానంగా మగ్గం వెంట.

నల్లగొండ, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో చేనేత కుంగినప్పుడు పద్మశాలి కుటుంబాలు పడమటికి నడిచాయి. మొదట షోలాపూర్, తర్వాత ముంబయి, భివండి, సూరత్. సూరత్‌లో లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వీధిభాష అయింది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఊరు కాని ఊళ్లో, ప్రభుత్వ బడిలో, అ ఆలు దిద్దుకునే వీలుండటం చిన్న విషయం కాదు. తర్వాత హజీరా తీరంలో పెద్ద పరిశ్రమలు వచ్చాక కోస్తా జిల్లాల ఇంజనీర్లూ సాంకేతిక నిపుణులూ చేరారు. నగరం పెరిగి కామ్‌రేజ్ వైపు సొసైటీలు కట్టుకుంటూ పోతోంది. దారిలో లస్కాణా మరమగ్గాల చప్పుడు.

ఆ మగ్గాల మీద ఎక్కువగా కనిపించేది ఒడిశాలోని గంజాం జిల్లా మనుషులు. వాళ్లలోనూ తెలుగు వచ్చినవాళ్లు తారసపడతారు. బరంపురం చుట్టుపక్కల తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు, అంతకుముందు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాంలో ఎక్కువ భాగం అటు వెళ్లింది. గీత అటు జరిగింది, మనుషులు ఉన్నచోటే ఉన్నారు. అంటే సూరత్‌లో ఒక మరమగ్గాల షెడ్డులో పక్కపక్కన నిలబడే తెలుగు నోళ్లు మూడు రాష్ట్రాల నుంచి వచ్చినవి కావచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా.

మగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. ‘సాంచాలు నడుస్తున్నయా?’ అంటే పని దొరుకుతోందా అని అర్థం. ఈ మాటకు దగ్గరి చుట్టం గుజరాతీలో సంచో, అంటే యంత్రం. సూరత్‌లో మరమగ్గాల షెడ్డును సంచాఖాతా అంటారు. సిరిసిల్ల కుర్రాడు సూరత్ స్టేషన్లో దిగేటప్పటికే అతని బతుకుతెరువు పేరు ఆ ఊరి భాషలో ఉంది. మిగతావి తెలుగు తనదిగా చేసుకున్న మాటలు. పడుగు చుట్టిన బీమ్ సిరిసిల్లలో భీము అయింది. పేక దారం చుట్టేది కండె. మగ్గాలు పెట్టుకుని సేఠ్ దగ్గర నూలు తెచ్చుకుని నేయించేవాడు ఆసామి. పడుగు, పేక అన్న మాటలైతే సిరిసిల్లలోనూ చీరాలలోనూ ఒకటే. చీరాల నేతగాడికీ సిరిసిల్ల కార్మికుడికీ మధ్య మాట కలవడానికి ఆ రెండు పదాలు చాలు.

మగ్గం మీద ఒక భీము అయిపోయి కొత్తది ఎక్కించేటప్పుడు చేసే పని ఒకటుంది. పాత పడుగు పోగుల కొసలు మగ్గంలోనే వదిలేసి, ఒక్కో కొసకు కొత్త భీము పోగు కొసను అతుకుతారు. వేల పోగులు. వేళ్ల మధ్య రెండు కొసలు చేరుస్తారు, ఒక మెలి తిప్పుతారు, వదిలేస్తారు, పక్క పోగు అందుకుంటారు. చూసేవాళ్ల కంటికి వేళ్ల కదలిక తప్ప ముడి కనపడదు. సిరిసిల్లలో పడుగును ఇలా మగ్గానికి సిద్ధంచేసే వాళ్లను వైపని కార్మికులంటారు. కోస్తా నేతపల్లెల్లో అచ్చు అతకడం అంటారు. పని ఒకటి, పేర్లు రెండు. ఒక్క పోగు తప్పినా గుడ్డ మొత్తం మీద గీత పడుతుంది.

అహ్మదాబాద్ నుంచి చెన్నై వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ మీదుగా పోతుంది. నందూర్‌బార్, భుసావళ్, వార్ధా, బల్హార్షా దాటి వరంగల్, ఖమ్మం, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు. సూరత్ తెలుగువాళ్లకు అది ఇంటి బండి. ఒకే పెట్టెలో వరంగల్లులో దిగేవాళ్లూ ఒంగోలులో దిగేవాళ్లూ ఒకరి సంచిలోవి ఒకరు పంచుకుని తింటూ పోతారు. 2014 జూన్ 2న తెలంగాణ విడి రాష్ట్రమై, ఆ బండి దారిలో ఖమ్మానికీ విజయవాడకూ నడుమ కొత్త సరిహద్దు వచ్చింది. పట్టాలు మారలేదు, వేళలు మారలేదు. కానీ పెట్టెలో మాట్లాడుకునే మాటల్లో కొన్నాళ్లు ఒక జంకు ఉండింది. ‘మీదెక్కడ?’ అన్న ప్రశ్న అంతకుముందు జిల్లా కోసం అడిగేది. ఆ తర్వాత రాష్ట్రం కోసం కూడా అడిగారు.

భాష ఒకటే కదా, మరి విడిపోవడం ఎందుకు అని అప్పట్లో చాలామంది అడిగారు. ప్రశ్నలోనే పొరపాటుంది. ఒకే భాష కావడం ఒక్కటే మనుషుల్ని కట్టిపడేయదు. ఆ భాషలో నా మాటకూ నీ మాటకూ సమానమైన మర్యాద ఉందా అన్నదే అసలు సంగతి. ఇది తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు కాదు. ప్రపంచంలో ఇంతకంటే లోతుగా చీలిన ఒక భాష ఉంది. దాని కథ మనకు పనికొస్తుంది.

కొరియా 1945లో 38వ అక్షాంశం దగ్గర రెండుగా చీలింది. 1950 నుంచి 1953 వరకు యుద్ధం జరిగింది. ఆ తర్వాత అటు మనిషి ఇటు ఉత్తరం రాయడానికి కూడా వీల్లేని గోడ. గోడకు రెండు వైపులా మాట్లాడేది ఒకే భాష. 1966 నుంచి ఉత్తరాన ప్యాంగ్యాంగ్ పలుకుబడిని ‘మున్‌హ్వాఒ’ అనే పేరుతో ప్రమాణంగా పెట్టుకున్నారు. దక్షిణాన సియోల్ భాష ప్రమాణం. పని అనే మాటను ఉత్తరాన ‘రొడొంగ్’ అంటారు, దక్షిణాన ‘నొడొంగ్’. ఒకే ఇంటిపేరు అక్కడ రీ, ఇక్కడ ఈ. చేపల అంగడికి పోతే ఇంకా తికమక. ఉత్తరాన ‘నక్చి’ అని అడిగితే వచ్చేది, దక్షిణాన అదే పేరుతో వచ్చే ప్రాణి కాదు. స్నేహితుణ్ని పిలిచే ‘తొంగ్‌ము’ అనే చక్కని పాత మాటను ఉత్తరాన పార్టీ ‘కామ్రేడ్’ అనే అర్థంలో వాడటం మొదలెట్టింది. దాంతో దక్షిణాన జనం ఆ మాట నోట పలకడానికే భయపడి వదిలేశారు. యుద్ధం ఊళ్లనే కాదు, ఒక మంచి మాటను కూడా మింగింది.

2018 శీతాకాల ఒలింపిక్స్‌కు రెండు కొరియాలు కలిసి ఒక మహిళల ఐస్ హాకీ జట్టు పంపాయి. దక్షిణపు 23 మందికి ఉత్తరం నుంచి 12 మంది తోడయ్యారు. మంచు మీదికి దిగాక తెలిసింది, ఒకరి పిలుపు ఇంకొకరికి అందడం లేదని. దక్షిణం వాళ్లు ఆట మాటలన్నీ ఇంగ్లీషులో నేర్చుకున్నారు. ఉత్తరం వాళ్లవి అచ్చ కొరియన్ మాటలు. గోల్‌కీపర్‌ను వాళ్లు ‘మున్‌జిగి’ అంటారు, అంటే గుమ్మం కాసేవాడు. చివరకు శిక్షణ బృందం కాగితాల మీద ఒక చిన్న నిఘంటువు రాసి, ఇంగ్లీషు మాట, దాని కొరియన్ పలుకు, ఉత్తరం వాళ్ల మాట పక్కపక్కన పెట్టి పంచింది. ఆ జట్టు ఒక్క ఆట కూడా గెలవలేదు. అయితే ఆ కాగితాల్లో ఉన్న పనికి విలువ తగ్గలేదు.

అంతకంటే పెద్ద నిఘంటువు కథ ఇంకొకటి ఉంది. జపాను పాలనలో కొరియా భాషకు చోటులేనప్పుడు, భాషా పండితుల సంఘం ఒకటి 1933లో ఒకే లిపి నియమావళి తెచ్చింది. పెద్ద నిఘంటువుకు పదాలు పోగుచేసింది. 1942లో ఆ పండితులను జైల్లో పెట్టారు. రాతప్రతి పోయిందనుకున్నారు. 1945లో స్వాతంత్ర్యం వచ్చాక సియోల్ రైల్వేస్టేషన్ గోదాములో దొరికింది. దేశం చీలినప్పుడు ఆ పండితులూ చీలిపోయారు. చ్వె హ్యొన్‌బే దక్షిణాన ఉండిపోయారు, ‘ఈ’ ఇంటిపేరున్న గుక్‌రొ ఉత్తరానికి వెళ్లి అక్కడి భాషా పనికి పెద్ద దిక్కయ్యారు. ఇద్దరూ పట్టుకెళ్లింది ఒకే 1933 నాటి నియమావళి. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒకరు రాసింది ఇంకొకరు చదవగలుగుతున్నారు. 1989లో మున్ ఇక్‌హ్వాన్ అనే దక్షిణ కొరియా పాస్టర్ అనుమతి లేకుండా ప్యాంగ్యాంగ్ వెళ్లి, ఇద్దరం కలిసి ఒక నిఘంటువు రాద్దామని అడిగి వచ్చారు. తిరిగొచ్చాక జైలుకు పోయారు. అయినా ఆ మాట చావలేదు. 2005లో రెండు వైపుల పండితులు కలిసి పని మొదలుపెట్టారు. 2015 చివరివరకు పాతికసార్లు కూర్చున్నారు. తర్వాత రాజకీయాలు బిగుసుకుని పని ఆగింది. ఆ నిఘంటువు ఉద్దేశం ఎవరి పదాన్నీ తప్పు అనకపోవడం. రెండు వైపుల పదాలూ, మాండలికాల పదాలూ ఒకే పుటలో పక్కపక్కన ఉండాలి.

తెలుగువాళ్ల మధ్య ముళ్లకంచె లేదు, సైన్యం లేదు. ఆ పోలిక అక్కడికే ఆపాలి. కానీ పదాలను పక్కపక్కన పెట్టడం అనే పని మనకూ ఉంది. మన అదృష్టం, ఆ పనికి కృష్ణమూర్తి 1962లోనే పలక మీద గీత గీసి చూపించారు. ఆ సంపుటాల్లో ఏ జిల్లా మాటా తప్పు కాదు. ఏ మాట ఏ ఊళ్లోదో రాసి ఉంటుంది, అంతే. ఒంగోలులో పుట్టిన పండితుడు తెలంగాణ రైతు మాటను, శ్రీకాకుళం రైతు మాటను, సీమ రైతు మాటను ఒకే పదం కింద చేర్చిన పుస్తకం అది. రాష్ట్రం విడిపోయినా అది ఇద్దరి ఇంటి పుస్తకమే.

మర్యాద లేకపోతే ఏమవుతుందో తెలంగాణకు బాగా తెలుసు. 1921 నవంబరు 12న హైదరాబాద్ వివేకవర్ధినిలో మహర్షి కర్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. వక్తలు ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో ఎగతాళి మొదలైంది, ఆయన్ను మాట్లాడనివ్వలేదు. నిజాం రాజ్యంలో సగానికి దగ్గరగా మాట్లాడే భాష తెలుగు. ఆ రాత్రే కొందరు కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అది తర్వాత 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ దాకా పెరిగింది. ఇది పరాయి భాషవాళ్ల మధ్య తగిలిన దెబ్బ.

రెండో దెబ్బ సొంత భాషవాళ్లది. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. ప్రతాపరెడ్డి దానికి కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవుల పద్యాలు అచ్చువేశారు. ఆ దెబ్బ అక్కడితో ఆగలేదు. దశాబ్దాల పాటు సినిమాల్లో తెలంగాణ మాట విలన్ నోట, లేదా నవ్వించేవాడి నోట మాత్రమే పెట్టారు. థియేటర్లో కూర్చున్న సిరిసిల్ల పిల్లవాడు తన తల్లి మాట్లాడే మాటకు జనం నవ్వడం వింటూ పెరిగాడు. ఆ నవ్వు ఎంత దూరం పోయిందో తెలుసుకోకుండా 2014ను అర్థం చేసుకోవడం కష్టం.

తెలుగుకు ఇప్పుడు రెండు పండుగలున్నాయి. ఆగస్టు 29న ఆంధ్రప్రదేశ్ తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటుంది. గిడుగు రామమూర్తి పుట్టినరోజది. సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవం. కాళోజీ నారాయణరావు పుట్టినరోజు. రెంటికీ పదకొండు రోజుల తేడా. ఇద్దరి జీవితాలు పక్కపక్కన పెట్టి చూడండి. గిడుగు 1863లో శ్రీకాకుళం సీమలో పుట్టి, పర్లాకిమిడిలో బడి పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చి, పుస్తకాల గ్రాంథికం మీద జనం మాట్లాడే భాష కోసం పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరినప్పుడు ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. విభజన ఆయనకూ తగిలింది. కాళోజీ 1914లో కన్నడ గడ్డ మీద రట్టిహళ్లిలో పుట్టి, ఓరుగల్లులో పెరిగి, రెండున్నర జిల్లాల తెలుగే ప్రమాణమా అని నిలదీశారు. జనం నోట పలికే భాషే భాష అన్నారు. ఒకరు గెలిపించిన వాడుక భాష తర్వాత తరంలో ఒక ప్రాంతపు వాడుకగా గట్టిపడితే, రెండోవారు వచ్చి ఆ తలుపును ఇంకా వెడల్పుగా తెరవమన్నారు. ఈ రెండు పండుగలను పోటీ పండుగలుగా చూసేవాళ్లున్నారు. నిజానికి రెండో రోజు మొదటి రోజుకు కొనసాగింపు. ఆగస్టు 29న కాళోజీ మాట, సెప్టెంబరు 9న గిడుగు మాట చెప్పే బడి పిల్లలకు రెండూ తెలుస్తాయి.

ఇంటి దగ్గర ఎగతాళి అయిన మాట పరాయి ఊళ్లో అక్కరకొచ్చిన ఉదాహరణలు గుజరాత్‌లో కళ్లముందే ఉన్నాయి. జ్వరం వచ్చినవాడు ‘దవాఖాన ఎక్కడ’ అంటే కామ్‌రేజ్‌లో ఎవరైనా దారి చూపిస్తారు. గుజరాతీలో అది దవాఖానూ. ‘జర ఆగు’ అనే తెలంగాణ ‘జర’ గుజరాతీ ‘జరా’. పైసలు, తయారు, ఖర్చు, దుకాణం, ఒక్కొక్కటే లెక్కపెడితే సంచి నిండుతుంది. ఉర్దూ కలిసిన తెలుగు అని కోస్తా వాళ్లు పక్కన పెట్టిన మాటలే తెలంగాణ మనిషికి గుజరాతీ వీధిలోకి తోవ తీశాయి. ఆస్పత్రి, డబ్బులు, అద్దె అనే మాటలతో వచ్చిన కోస్తా మనిషి ఆ దారిని తెలంగాణ పొరుగువాళ్ల దగ్గరే నేర్చుకుంటాడు. కిరాయికి ఇల్లు వెతికిపెట్టేదీ, నూనె మండి చూపించేదీ వాళ్లే.

ఒకే మాట ఇద్దరు మనుషుల మధ్య ఎటుపోతుందో చూడాలంటే ‘అవ్వ’ చాలు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల అవ్వ అంటే తల్లి. రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మ, అమ్మమ్మ. ‘మా అవ్వ సూరత్ వచ్చింది’ అని ఒకరు చెబితే ఇంకొకరు వయసు తప్పుగా లెక్కవేసుకుంటారు. ‘బిడ్డ’ తెలంగాణలో కూతురు, కోస్తాలో కొడుకైనా కూతురైనా. ‘నాకు ఒక కొడుకు, ఒక బిడ్డ’ అన్న మాట మొదటిసారి విన్న గోదావరి మనిషి కొంచెం ఆగుతాడు. ఇలా ఆగి, అడిగి, సరిచేసుకోవడమే రెండు యాసల మధ్య సంసారం. ఇది ఒక్కోసారి తెలియని చుట్టరికాలు కూడా బయటపెడుతుంది. సొరకాయను ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటారు. తెలంగాణలో అనిగెపుకాయ అని వినిపిస్తుంది. మధ్యలో ఉన్న గుంటూరును దాటేసి శ్రీకాకుళమూ కరీంనగరూ చేయి కలిపిన చోటు అది. రాష్ట్రాల పటంలో లేని గీతలు కూరగాయల బండి దగ్గర కనిపిస్తాయి.

గుజరాత్ తీరంలో తెలుగుకు రెండో ముఖం ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా వేరావళ్ వచ్చి పడవల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం వాళ్లలో కొందరిని పట్టుకుపోయింది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగి వచ్చారు. ఆ ఘటన ఆధారంగా 2025లో వచ్చిన సినిమా పేరు ‘తండేల్’. పడవకు పెద్ద అని అర్థం. ఆ మాటా గుజరాత్ తీరానిదే. సిరిసిల్లకు సాంచా, శ్రీకాకుళానికి తండేల్. ఈ రెండు జిల్లాలు ఇంటి దగ్గర ఎప్పుడూ కలుసుకోలేదు. వాటి మాటలు మాత్రం ఒకే గాలికి కొట్టుకువచ్చాయి.

సినిమా చేసిన తప్పును సినిమాయే కొంత దిద్దింది. 2023లో సిరిసిల్ల ప్రాంతం మనిషి వేణు యెల్దండి ‘బలగం’ తీశారు. చావు ఇంటి కథ, నిండా తెలంగాణ పలుకు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కలిసి చూశారు. కోస్తా ప్రేక్షకులూ ఆ పలుకును వివరణ అడగకుండా విన్నారు. ‘తండేల్’లో హీరో శ్రీకాకుళం యాసలో మాట్లాడాడు. ఒకప్పుడు నవ్వడానికి పెట్టిన నోళ్లలోంచి ఇప్పుడు ఏడుపూ ప్రేమా వస్తున్నాయి. ఇది దానంతట అది జరిగింది కాదు. గోలకొండ కవుల సంచిక నుంచి కాళోజీ మీదుగా, ఎందరో రాసి, అడిగి, పోట్లాడి తెచ్చుకున్నది.

ఊరు వదిలి వెళ్లినవాళ్ల గురించి ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. జపాన్‌లోని ఒసాకాలో కొరియా వాళ్ల పేటలున్నాయి. వాళ్లలో ఎక్కువమంది పెద్దలు దక్షిణం నుంచే, ముఖ్యంగా జేజు దీవి నుంచి వచ్చారు. దేశం చీలాక వాళ్ల సంఘాలూ రెండయ్యాయి. దక్షిణం వైపు ఒకటి, ఉత్తరం వైపు ఒకటి. ఉత్తరం వైపు సంఘం బడుల్లో, తాతలు దక్షిణం వాళ్లయినా, పిల్లలు ఉత్తరపు ప్రమాణ భాష చదివారు. పరాయి దేశంలో కూడా గోడ కట్టుకున్నారు. సూరత్‌లో తెలుగువాళ్లకు ఆ పరిస్థితి రాలేదు. బడిలో వాళ్ల పిల్లలు ఒకే వాచకం చదువుతారు. ఆ బడి ఎన్నాళ్లు నిండుగా ఉంటుందన్నది వేరే దిగులు. మూడో తరం పిల్లలు ఇంగ్లీషు, గుజరాతీ వైపు జరుగుతున్నారు. తెలుగు వీధిలో ఉన్నా పలకలోంచి తప్పుకుంటే, కొన్నేళ్లకు అమ్మమ్మకు ఉత్తరం చదివి వినిపించేవాళ్లు మిగలరు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి ఈ బడులకు పుస్తకాలూ ఉపాధ్యాయులూ పంపితే, విభజన తర్వాత ఇద్దరూ కలిసి చేసిన మొదటి మంచి పని అవుతుంది.

కామ్‌రేజ్ పాతదే. చరిత్రకారులు పాత తామ్రశాసనాల్లోని కర్మణేయాన్ని ఈ ఊరిగా గుర్తిస్తారు. ఏడో శతాబ్దంలో ఈ దక్షిణ గుజరాత్‌ను నవసారి నుంచి ఏలినవాళ్లు బాదామి చాళుక్యుల ఒక శాఖ. అదే వంశపు ఇంకో శాఖ, కుబ్జ విష్ణువర్ధనుడిది, వేంగిలో. వాళ్ల కాలంలోనే తెలుగు శాసనాల్లో గట్టిపడింది. 848 నాటి అద్దంకి శాసనంలో తెలుగు పద్యం ఉంది. ఒక తల్లి పిల్లలు తాపీ ఒడ్డున ఒకరు, గోదావరి వైపు ఒకరు. మగ్గం చేతిలో పట్టుకుని వచ్చిన పద్మశాలికి ఆ సంగతి తెలియకపోయినా, ఈ దారి కొత్తది కాదు.

నవరాత్రులు వస్తే సూరత్ అంతా గర్బా. ఆడవాళ్లు మధ్యలో దీపం కుండ పెట్టి చుట్టూ తిరుగుతారు. ఇంచుమించు అవే రోజుల్లో తెలంగాణ ఆడవాళ్లు మధ్యలో పూల బతుకమ్మ పెట్టి చుట్టూ తిరుగుతారు. అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. సొసైటీ వాకిట్లో గుజరాతీ ఆడవాళ్లు తమ పద్ధతి చప్పట్లతోనే వలయంలో చేరిపోతారు. సంతలో బంతి దొరుకుతుంది, గుజరాతీలో గల్‌గోటా. గునుగు, తంగేడు కోసం మాత్రం ఊరి బయట పొలాల గట్లు వెతకాలి. కోస్తా కోడళ్లు మొదట పక్కన నిలబడి చూస్తారు, తర్వాత పూలు అందిస్తారు, పేర్లు అడుగుతారు.

‘సద్దులంటే ఏంటండీ?’ అని గుంటూరు ఆవిడ అడుగుతుంది. పెరుగన్నం, చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, ఇంటి నుంచి కట్టుకొచ్చిన అన్నాలక్కా అని వరంగల్ ఆవిడ గిన్నెల మూతలు తీస్తూ చెబుతుంది. ఒక్క క్షణం. స చ అయి, సద్ది చద్ది అయి, గుంటూరు ఆవిడకు వాళ్ల నాయనమ్మ పొద్దున్నే కుండలోంచి తీసి, ఉల్లిపాయ నలిపి పెట్టిన చద్దన్నం గుర్తుకొస్తుంది. ‘మాదీ అదేనమ్మా, చద్ది’ అంటూ ఆమె దోసిలి పడుతుంది.